దోసెడు ఇసుక

మా ఇంటి ముందుగదిలో, కిటికీకి దూరంగా, ఒక పెద్ద గాజుతొట్టె ఉంది. ఆ తొట్టెలో ఒక మూల బరువైన పింగాణీ గిన్నె, ఆ గిన్నెలో అంగుళం లోతున శుభ్రమైన ఇసుక ఉంటాయి. మా ఇంటికి వచ్చే బంధుమిత్రులు మొదట తొట్టెలోని ప్రాణులను చూసి ఆశ్చర్యపోతారు. తరువాత ఇసుకగిన్నెను చూసి నవ్వుతారు. "ఎలుకలకు ఇసుకతో స్నానమా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు మేము ఓపికగా సమాధానం చెబుతాము. ఎందుకంటే ఆ సమాధానం మాకు తేలికగా దొరకలేదు. ఒక మూగజీవి ప్రాణమూ, మా పిల్లవాడి కన్నీళ్ళూ దానికి మూల్యమయ్యాయి. మా పొరపాటు మరొక ఇంట జరగకూడదన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము కడప జిల్లాకు చెందినవాళ్ళము. ఉద్యోగరీత్యా కొన్నేళ్ళుగా ఇంగ్లండులోని లీసెస్టర్ నగరంలో నివసిస్తున్నాము. మాకు తొమ్మిదేళ్ళ అబ్బాయి, ఐదేళ్ళ అమ్మాయి. మా పొరుగున ఉండే కుటుంబం ఊరు విడిచి వెళుతూ, తమ పిల్లలు పెంచుకొంటున్న రెండు జెర్బిళ్ళను ఎవరికైనా ఇవ్వాలని చూస్తున్న సమయంలో, మా పిల్లలు మా చుట్టూ చేరి బతిమాలారు. మేము కాదనలేకపోయాము. ముదురు గోధుమరంగులో ఉన్నదానికి ఖజూర్ అనీ, లేతరంగులో ఉన్నదానికి బాదామ్ అనీ పిల్లలే పేర్లు పెట్టారు. ఎలుకకన్నా ముద్దుగా, ఉడుతకన్నా చిన్నగా, తోక చివర కుచ్చుతో, పెద్ద నల్లని కళ్ళతో అవి వెనుక కాళ్ళపై నిలబడి మమ్మల్ని చూస్తుంటే, వాటిని పెంచడం బహు సులభమని అనుకున్నాము. గింజలు పెట్టాలి, నీటిసీసా నింపాలి, అడుగున పరచిన కాగితపు పీచు మార్చాలి. అంతకుమించి ఏమి కావాలి? ఇదే మా ఆలోచన.

పొరుగువారు సామానుతోపాటు ఒక ఇసుకగిన్నె కూడా ఇచ్చారు. అది పిల్లల ఆటవస్తువు కాబోలనుకొని, ఇల్లంతా ఇసుక పడుతుందని దాన్ని అటకెక్కించాము. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. జవాబు మొదటిరోజునే మా చేతిలో ఉంది. అడిగి తెలుసుకోవలసినవాళ్ళం అడగలేదు.

చలికాలం వచ్చింది. ఈ దేశంలో చలికాలమంతా తలుపులూ కిటికీలూ మూసి ఉంచుతారు. ఉతికిన బట్టలు ఇంటిలోపలే, వేడినిచ్చే రేడియేటర్లపైన ఆరవేస్తారు. మేమూ అదే చేశాము. గదిలో తేమ పెరిగింది. కిటికీ అద్దాలపై నీటిచుక్కలు కారేవి. కొద్దివారాలలోనే జెర్బిళ్ళ వెంట్రుకలు జిడ్డుదేరి, పాయలు పాయలుగా అతుక్కుపోయాయి. బాదామ్ ముక్కు చుట్టూ ఎర్రటి మరక కనిపించింది. రక్తమేమోనని భయపడ్డాము.

ఆ రోజులలోనే ఊరినుండి పిల్లల నానీ వీడియోకాల్‌లో మాట్లాడారు. మా ఇద్దరిలో ఒకరికి ఆమె కన్నతల్లి, మరొకరికి అత్తగారు. ఇద్దరమూ అమ్మీ అనే పిలుస్తాము. వేసవికి తాము వస్తున్నట్లు చెబుతూ, "ఇంట్లో ఎలుకలను పెట్టుకొని నమాజు ఎలా చదువుతున్నారు?" అని ఆమె సగం నవ్వుతూ, సగం నొచ్చుకొంటూ అన్నారు. పెద్దలు అనే మాటలు పిల్లలు ఎంత లోతుగా తీసుకుంటారో మనం తరచు మరచిపోతాము. మరునాడు బడి నుండి వచ్చిన అబ్బాయి, నానీకి ఇష్టమయ్యేలా వాటిని శుభ్రం చేయాలనుకున్నాడు. వాడికి తెలిసిన శుభ్రత నీళ్ళు, సబ్బే. వాష్‌బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు పట్టి, తలకు రుద్దుకొనే షాంపూతో మొదట బాదామ్‌కు స్నానం చేయించాడు.

అరుపు విని మేము పరుగెత్తేసరికి, బాదామ్ వాడి అరచేతిలో తడిసిన గుడ్డపేలికలా పడి వణుకుతున్నది. దాని కళ్ళు సగం మూసుకుపోయాయి. తువ్వాలుతో అద్ది, వేడినీటి సంచిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, రాత్రంతా వంతులవారీగా కూర్చున్నాము. ఫజ్ర్ వేళకు అది లేచి ఒక గింజ కొరికింది. మా ఊపిరి తిరిగివచ్చింది. ఆ వెంటనే మా కోపమూ తిరిగివచ్చింది. అబ్బాయిని గట్టిగా మందలించాము. "తెలియని పని ఎందుకు చేశావు? ఒక ప్రాణితో ఆటలా?" అన్నాము. వాడు తలవంచుకొని నిలబడ్డాడు. ఆ మాటలు కొద్దివారాలలో మాకే తిరిగి తగులుతాయని అప్పుడు మాకు తెలియదు.

పశువైద్యురాలి వద్దకు తీసుకువెళితే, ఆమె మొదట ఆ ఎర్రమరక రక్తం కాదని చెప్పి మమ్మల్ని కుదుటపరిచారు. జెర్బిల్ కంటి వెనుక హార్డేరియన్ గ్రంథి అనే ఒక చిన్న గ్రంథి ఉంటుంది. కొవ్వుపదార్థంతోపాటు పార్ఫిరిన్ అనే ఎర్రని వర్ణపదార్థం కలిగిన స్రావం దానిలో ఊరి ముక్కువరకు దిగుతుంది. జెర్బిల్ ముందుకాళ్ళతో ముఖం తుడుచుకొంటూ, ఆ స్రావాన్ని లాలాజలంతో కలిపి ఒళ్ళంతా పూసుకుంటుంది. చలి నుండి, తడి నుండి కాపాడే పూత అది. నీళ్ళూ సబ్బూ ఆ పూతను ఒక్కసారిగా కడిగివేస్తాయి. నూరు గ్రాములైనా తూగని ఆ శరీరం వేడిని నిలుపుకోలేక చల్లబడిపోతుంది. మనం మురికి అనుకొని వదిలించబోయినది నిజానికి దాని దుప్పటి.

అయితే ఆ పూత మితిమీరినా ప్రమాదమే. పాత జిడ్డు పేరుకుపోతే వెంట్రుకలు అతుక్కుపోయి చలిని ఆపలేవు. ముక్కువద్ద స్రావం గట్టిపడి చర్మం ఒరిసి పుండ్లు పడతాయి. అందుకే జెర్బిల్ పొడి ఇసుకలో పొర్లుతుంది. ఇసుకరేణువులు అదనపు జిడ్డును పీల్చి రాల్చివేస్తాయి, అవసరమైనంత పూత మిగులుతుంది. మన ఇళ్ళలో తలకు నూనె రాసుకొని, ఆ నూనె ఎక్కువైనప్పుడు సీకాయతో రుద్దుకోవడం వంటిదే ఇది. నూనె కావాలి, సీకాయా కావాలి. మేము ఆ ప్రాణులకు సీకాయ లేకుండా చేశాము.

వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఈ ఏర్పాటు ఎంత సహజమో అర్థమవుతుంది. మన ఇళ్ళలో పెంచే జెర్బిల్ స్వస్థలం మంగోలియా, ఉత్తర చైనాల పొడి మైదానాలు, ఎడారి అంచులు. 1866లో ఫ్రెంచి ప్రకృతి పరిశోధకుడు అర్మాన్ డేవిడ్ ఉత్తర చైనా నుండి దీని నమూనాలను పారిస్‌కు పంపాడు. 1935లో జపాన్ శాస్త్రజ్ఞులు అముర్ నదీ పరీవాహక ప్రాంతంలో 20 జతలను పట్టుకొని ప్రయోగశాలకు తీసుకువెళ్ళారు. 1954లో వాటి సంతతి అమెరికాకు, 1964లో బ్రిటన్‌కు చేరింది. పెంపుడు జెర్బిళ్ళలో అత్యధికం ఆ కొద్దిపాటి జతల సంతానమే. వాన తక్కువ, మన్ను ఎక్కువ అయిన నేలలో అల్లాహ్ వాటిని పుట్టించాడు. దానికి తగిన దేహాన్నీ, తగిన అలవాటునూ ప్రసాదించాడు. తరాలు గడిచినా, దేశాలు మారినా ఆ దేహం మారలేదు.

ఇంతవరకు మేము విన్నది సరిగానే విన్నాము. తప్పు తరువాత జరిగింది. ఇసుక కావాలని తెలిసింది కదా అని, ఆ సాయంత్రమే పెంపుడు జంతువుల సామాను అమ్మే దుకాణానికి వెళ్ళాము. అక్కడ చించిల్లా అనే మరొక ప్రాణి బొమ్మతో స్నానపు పొడి డబ్బాలు ఉన్నాయి. పిండిలా మెత్తగా ఉంది. మెత్తనిదైతే మంచిదే కదా అనుకొని పెద్ద డబ్బా కొన్నాము. పిల్లవాడు మాత్రం, "డాక్టరమ్మ ఇసుక అన్నారు, ఇది పొడిలా ఉంది కదా?" అని అడిగాడు. "పెద్దవాళ్ళకు తెలుసులే" అన్నాము.

బాదామ్, ఖజూర్ ఆ పొడిలో ఎంతో సంబరంగా పొర్లాయి. పొర్లిన ప్రతిసారీ తొట్టెలో తెల్లని పొగ లేచేది. దాన్ని చూసి మేము ముచ్చటపడ్డాము. వెంట్రుకలు నిగనిగలాడాయి. కొద్దివారాలకు బాదామ్ తుమ్మసాగింది. తరువాత దాని ఊపిరిలో టిక్ టిక్‌మనే చిన్న చప్పుడు మొదలైంది. మళ్ళీ వైద్యురాలి దగ్గరకు పరుగెత్తాము. ఆమె మందు ఇచ్చి, మా ఇంట్లోని డబ్బా గురించి అడిగి, నొసలు ముడిచారు. చించిల్లా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల ప్రాణి. దాని బొచ్చు అత్యంత దట్టమైనది కనుక దానికి మెత్తని ధూళి అవసరం. జెర్బిల్‌కు ఆ అవసరం లేదు. మూతవేసిన తొట్టెలో ఆ ధూళి గాలిలో నిలిచి, దాని చిన్న ఊపిరితిత్తులను ఒరిపిడి పెడుతుంది. ఆ ధూళి ఒక్కటే జబ్బుకు కారణమని తాను ఖచ్చితంగా చెప్పలేననీ, కాని దాన్ని వెంటనే తీసివేయమనీ అన్నారు.

మందు పనిచేయలేదు. నాలుగవ రోజు ఉదయం బాదామ్ తన కలుగు ముందు కదలకుండా పడి ఉంది. ఖజూర్ దాని పక్కనే కూర్చొని ఉంది.

పెరట్లో చిన్న గుంట తీసి పాతిపెట్టాము. అబ్బాయి ఆ రోజంతా అన్నం ముట్టలేదు. రాత్రి పడుకోబోయే ముందు, "నేను నీళ్ళు పోసినందుకే చనిపోయిందా?" అని అడిగాడు. ఈ ప్రశ్న మమ్మల్ని నిలువునా కదిలించింది. తప్పును వాడి భుజంపైనే ఉంచి ఊరుకోవడం మాకు సులభమే. వాడు నమ్మేవాడు కూడా. మేమిద్దరం వాడి మంచం పక్కన కూర్చొని నిజం చెప్పాము. "నువ్వు నీళ్ళు పోసిన తరువాత అది కోలుకుంది బేటా. ఆ పొడి తెచ్చింది మేము. నువ్వు అడిగినా వినలేదు. నువ్వు చిన్నవాడివి, తెలియక చేశావు. మేము పెద్దవాళ్ళమై ఉండి తెలుసుకోకుండా చేశాము. ఆ రోజు నిన్ను అంతగా మందలించినందుకు మమ్మల్ని క్షమించు" అన్నాము. వాడు చాలాసేపు మౌనంగా ఉండి, "ఖజూర్‌కు ఈసారి సరైనది తెద్దాం" అన్నాడు. అంతే. క్షమించడంలో పిల్లలు మనకన్నా ముందుంటారు.

ఆ మాట నిలుపుకోవడానికి ఈసారి తీరికగా, అడిగి తెలుసుకొని, పరీక్షించి చేశాము. మేము నేర్చుకున్నది ఇది. జెర్బిల్‌కు కావలసింది ధూళి కాదు, రేణువులుగా విడివడే పొడి ఇసుక. డబ్బాపై రాసిన పేరును నమ్మకుండా పిడికెడు తీసి జానెడు ఎత్తునుండి జారవిడవాలి. పొగలా లేస్తే అది పనికిరాదు. సన్నని ధారగా జారి, వెంటనే అణగిపోతే మంచిది. సరీసృపాల కోసం అమ్మే సున్నపు ఇసుక కూడా పనికిరాదు. తడి తగిలితే గడ్డకడుతుంది, మింగితే ప్రేగులలో అడ్డుపడవచ్చు. చెంచాడు ఇసుకపై రెండు చుక్కల వెనిగర్ వేస్తే నురుగు వస్తుంది, దానితో ఆ సున్నాన్ని గుర్తించవచ్చు. రంగు వేసినది, సువాసన కలిపినది, ఇల్లు కట్టే ఇసుక, ఉప్పునిండిన సముద్రపు ఇసుక వద్దు.

మేము చివరకు పిల్లలు ఆడుకోవడానికి అమ్మే కడిగిన ఇసుకను ఎంచుకున్నాము. అది సంచిలో తడిగా వస్తుంది. మళ్ళీ ఒకసారి కడిగి, తేటనీరు వచ్చేవరకు వంపి, ఓవెన్ పళ్ళెంలో పలుచగా పరచి బాగా వేడిచేసి, పూర్తిగా ఆరి చల్లారిన తరువాత సన్నని జల్లెడ పట్టాము. జల్లెడలో నుండి జారిపోయిన ధూళిని పారవేసి, పైన నిలిచిన రేణువులనే ఉంచాము. జల్లించే పని తడిగుడ్డ ముక్కుకు కట్టుకొని బయటే చేశాము. ఇసుకధూళి మనుషుల ఊపిరితిత్తులకూ హాని చేస్తుంది కదా.

గిన్నె బరువైనదై ఉండాలి. ప్లాస్టిక్‌ది అయితే కొరికి ముక్కలు మింగుతాయి, తేలికైనదైతే తిరగబడుతుంది. జెర్బిల్ పక్కకు దొర్లినా గోడలు తగలనంత వెడల్పు కావాలి. అటకమీది పాత గిన్నెను దించి చూస్తే సరిగ్గా ఆ కొలతలతోనే ఉంది. పొరుగువారికి తెలిసే ఇచ్చారు. ఖజూర్ రోజూ దానిలో పొర్లుతుంది. ఒక్కొక్కసారి దానిలోనే మూత్రం పోస్తుంది కనుక, ప్రతిరోజూ జల్లించి, మురికి అయినప్పుడు మార్చివేస్తాము. బట్టలు ఆరవేయడం వేరే గదికి మార్చాము. తేమ కొలిచే చిన్న సాధనం తొట్టె పక్కన పెట్టాము. తేమ 50 శాతం దాటితే వెంట్రుకలు మళ్ళీ జిడ్డుగా కనిపిస్తాయని మా అబ్బాయే అందరికీ చెబుతాడు. జెర్బిళ్ళు ఒంటరిగా ఉండలేవు. అందుచేత మరొక పిల్ల జెర్బిల్‌ను తెచ్చి, తొట్టె మధ్య జాలీ అడ్డంపెట్టి, రోజూ వాటి స్థానాలు మారుస్తూ మెల్లగా కలిపాము. ఒకదాని వాసన మరొకదానికి అలవాటయ్యాకే జాలీ తీశాము.

వేసవిలో అమ్మీ వచ్చారు. మొదటి రెండురోజులు ఆ గది ఛాయలకే వెళ్ళలేదు. మేము నమాజు చదివే గదిలోకి జెర్బిళ్ళను రానివ్వబోమని చెప్పాక స్థిమితపడ్డారు. మూడవరోజు మనవడు ఆమె చేయి పట్టుకొని తొట్టె ముందు కూర్చోబెట్టాడు. ఖజూర్ ఇసుకలో దిగి, ఒక పక్కకు దొర్లి, మరొక పక్కకు దొర్లి, పొట్టను ఇసుకకు రాసి, ఒళ్ళు దులుపుకొని లేచింది. ఆమె ఫక్కున నవ్వారు. "మా ఇంటి కోళ్ళు చేసేదీ ఇదే కదరా! మిట్టమధ్యాహ్నం గోడనీడన గుంట చేసుకొని మట్టిలో పొర్లేవి. పిచ్చుకలూ పొర్లేవి. ఒక్కనాడైనా వాటికి నీళ్ళు పోశామా?" అన్నారు.

అప్పుడు మనవడు, "నానీ, మీరు జబ్బు పడినప్పుడు మట్టితో తయమ్ముమ్ చేసేవారట కదా. ఇదీ అలాంటిదేనా?" అని అడిగాడు. రెండేళ్ళ క్రితం ఆమె న్యుమోనియాతో మంచం పట్టారు. నీళ్ళు తగలనివ్వవద్దని వైద్యులు చెప్పిన ఆ వారాలలో, దిండు పక్కన శుభ్రమైన మట్టిపెళ్ళ ఒకటి ఉంచుకొని నమాజులు పాటించారు. తనకు నీళ్ళు లేకుండా శుభ్రత ఎలా దొరుకుతుందని మొదట ఆమె కంటతడి పెట్టిన సంగతి మాకు గుర్తుంది.

ఆమె కొంచెంసేపు ఆలోచించారు. "లేదు నాన్నా. అది ఆరాధన కోసం మనిషికి అల్లాహ్ ఇచ్చిన వెసులుబాటు. ఇది ఈ ప్రాణి స్వభావం. రెంటినీ కలిపి చెప్పకూడదు. కాని శుభ్రత అంటే నీళ్ళొక్కటేనని నేనూ ఒకప్పుడు అనుకొన్నాను. నువ్వూ అనుకొన్నావు" అన్నారు. ఆ తరువాత ఆమె ఉన్నన్నాళ్ళూ ఇసుక జల్లించే పని ఆమెదే అయింది. బియ్యం చెరిగిన చేతులు కదా, మాకన్నా చక్కగా చేసేవారు.

ఆ రోజులలో మాకు తరచు గుర్తుకు వచ్చింది, మనమందరం చిన్నప్పటినుండి విన్న హదీసు. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపినందుకు శిక్షకు గురైన స్త్రీని గురించి దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. ఆమె దానికి ఆహారం పెట్టలేదు, అది తనంతట తాను వెతుక్కొని తినడానికి వదిలిపెట్టనూ లేదు. ఇన్నాళ్ళూ మేము ఈ హదీసును ఆకలికి సంబంధించినదిగానే చదువుకున్నాము. ఇప్పుడు రెండవ మాట మాకు మరింత బరువుగా వినిపిస్తున్నది. స్వేచ్ఛగా ఉన్న ప్రాణి తనకు కావలసింది తానే వెతుక్కుంటుంది. గింజ వెతుక్కుంటుంది, కలుగు తవ్వుకుంటుంది, ఇసుక వెతుక్కుంటుంది. మనం దాన్ని తొట్టెలో పెట్టిన క్షణాన ఆ వెతుకులాటను ఆపివేశాము. కనుక అది వెతుక్కోగలిగినదంతా మనం చెల్లించవలసిన బాకీ అవుతుంది. గింజలతో ఆ బాకీ తీరదు.

ముద్దుగా ఉందని ప్రాణిని తెచ్చుకోవాలనుకునే తల్లిదండ్రులకు మేము చెప్పగలిగింది ఒక్కటే. తెచ్చుకోకముందే, ఆ ప్రాణి ఏ నేలలో పుట్టింది, అక్కడ అది తన ఒళ్ళు ఎలా శుభ్రం చేసుకుంటుంది, ఎంతమందితో కలిసి బతుకుతుంది అని అడిగి తెలుసుకోండి. తెలుసుకొని, ఆ బాకీ తీర్చలేమనిపిస్తే తెచ్చుకోకండి. అందులో తప్పేమీ లేదు. తెచ్చుకున్నాక మాత్రం, మంచి ఉద్దేశమే చాలుననుకోకండి. మా అబ్బాయి ఉద్దేశం మంచిదే, మాదీ మంచిదే. బాదామ్‌కు కావలసింది మా ఉద్దేశం కాదు, దోసెడు సరైన ఇసుక.

పెరట్లో దాన్ని పాతిన చోట ఇప్పుడు గడ్డి మొలిచింది. అమ్మీ ఊరికి తిరిగి వెళ్ళారు. ఇసుక జల్లించడం మళ్ళీ మా అబ్బాయి వంతుకు వచ్చింది. ప్రతి సాయంత్రం గిన్నె నింపే ముందు వాడు పిడికెడు ఇసుక తీసి, వెలుతురుకు ఎదురుగా జారవిడిచి, పొగ లేస్తుందేమో చూస్తాడు. లేవలేదని రూఢి చేసుకున్నాకే, బిస్మిల్లాహ్ అని గిన్నె లోపల పెడతాడు.